నెత్తుటి చుక్క – వెల, విలువ

పాఠ్యాంశ సందర్భం

బియ్యం ధర, నూనె ధర, బస్సు ఛార్జీ ఎంతో తడుముకోకుండా చెప్పగలిగినవారు సైతం, తాము చేయించుకున్న రక్తపరీక్షకు ఆ వెల ఎలా వచ్చిందని అడిగితే చెప్పలేరు. ఒకే పరీక్షకు ఒక వీధిలో ఒక ధర, పక్క వీధిలో మరొక ధర కనిపిస్తాయి. అదే పరీక్షకు రోగి ఒక మొత్తం, బీమా సంస్థ వేరొక మొత్తం, ప్రభుత్వం ఇంకొక మొత్తం చెల్లిస్తాయి. ఈ భేదాలకు గల కారణాలను వివరించడం, వ్యాధి వేళ కుటుంబం మోసపోకుండా మెలగవలసిన తీరును తెలపడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

పూర్వం వైద్యుడు నాడి పట్టి, నాలుక చూసి, కనురెప్ప పైకెత్తి రోగనిర్ణయం చేసేవాడు. ఊరన్నాక ఉండవలసిన వాటిని లెక్కించిన సుమతీ శతకకారుడు వాటిలో వైద్యుణ్ణి కూడా చేర్చాడు. ఆనాటి ఊరికి ప్రయోగశాల అవసరం తెలియదు. నేటి ఊరికి వైద్యునితోపాటు ప్రయోగశాల కూడా కావాలి. వానకాలంలో జ్వరంతో వచ్చిన మనిషిని చూడండి. మలేరియా, టైఫాయిడ్, డెంగ్యూ అనే మూడు జ్వరాలూ తొలి దినాలలో ఇంచుమించు ఒకే రూపంలో కనిపిస్తాయి. ఒళ్లునొప్పులు, తలనొప్పి, నీరసం మూడింటికీ సామాన్యమే. చికిత్స మాత్రం మూడింటికీ వేరు. వీటిని విడదీసి చూపగలిగేది రక్తపరీక్ష. అందువల్ల ఆ పరీక్ష విలువను ఎవరూ కాదనరు. ప్రశ్న దాని వెలను గురించినదే.

వెలను గురించి తెలుసుకోవాలంటే ముందుగా పని తెలియాలి. టెక్నీషియన్ రోగి చేతి నరం నుండి తీసిన రక్తాన్ని పరీక్షను బట్టి వేరువేరు గొట్టాలలో నింపుతాడు. ఊదారంగు మూత గల గొట్టంలో రక్తం గడ్డకట్టకుండా నిలిపే రసాయనం ఉంటుంది. మనం సి.బి.పి. అని పిలుచుకునే రక్తకణాల లెక్కింపునకు ఆ గొట్టమే వాడతారు. బూడిదరంగు మూత గల గొట్టంలో ఫ్లోరైడు ఉంటుంది. శరీరం నుండి వెలికి వచ్చిన తరువాత కూడా రక్తకణాలు చక్కెరను వినియోగిస్తూనే ఉంటాయి. ఫ్లోరైడు ఆ క్రియను అడ్డుకొని, షుగరు విలువ తప్పుగా తగ్గిపోకుండా కాపాడుతుంది. కాలేయం, మూత్రపిండాలు మొదలైన వాటి పరీక్షలకు రక్తాన్ని యంత్రంలో వేగంగా తిప్పి పైన తేరిన ద్రవాన్ని వేరుచేస్తారు. ఆపైన విశ్లేషణ యంత్రాలు, వాటిలో పోసే రియేజెంట్లు అనే రసాయనాలు తమ పని చేస్తాయి. యంత్రం సరిగా పనిచేస్తున్నదో లేదో తెలుసుకొనేందుకు, విలువ ముందే తెలిసిన నమూనాలను కూడా దానిలో పెట్టి చూస్తారు. చివరకు బాధ్యత గల నిపుణుడు ఫలితాన్ని పరిశీలించి సంతకం చేస్తాడు.

ఈ పనిలో రెండు విధాలైన ఖర్చులు ఇమిడి ఉన్నాయి. యంత్రం, అద్దె, జీతాలు, విద్యుత్తు, నాణ్యతా పరిశీలన మొదటి విధానికి చెందినవి. రోగులు పదిమంది వచ్చినా, నూరుమంది వచ్చినా ఇవి పెద్దగా మారవు. సూది, గొట్టం, రసాయనం రెండవ విధానికి చెందినవి. ఇవి రోగుల సంఖ్యను అనుసరించి పెరుగుతాయి. ఒక ఉదాహరణను ఊహించుకుందాం. ఒక ప్రయోగశాలకు దినసరి స్థిరవ్యయం 6,000 రూపాయలనీ, ఒక్కొక్క పరీక్షకు వాడే సామగ్రి వెల 40 రూపాయలనీ అనుకుందాం. రోజుకు 20 పరీక్షలు జరిగితే ఒక్కొక్క పరీక్షపై స్థిరవ్యయం 300 రూపాయలు పడుతుంది. సామగ్రితో కలిపి పరీక్ష అసలు ఖర్చు 340 రూపాయలు అవుతుంది. అదే ప్రయోగశాలలో రోజుకు 300 పరీక్షలు జరిగితే స్థిరవ్యయం పరీక్షకు 20 రూపాయలకు దిగుతుంది, అసలు ఖర్చు 60 రూపాయలకు చేరుతుంది. రసాయనం మారలేదు, యంత్రం మారలేదు, పని మారలేదు. మారింది సంఖ్య ఒక్కటే. పెద్ద ప్రయోగశాలలు పట్టణ పట్టణాన కలెక్షన్ సెంటర్లు నెలకొల్పి, నమూనాలన్నింటినీ ఒకేచోటికి రప్పించుకోవడంలోని రహస్యం ఇదే. చిన్న ఊరిలోని చిన్న ప్రయోగశాల ధర ఎక్కువైనంత మాత్రాన దాని యజమానిని లోభి అనడం న్యాయం కాదు.

అయితే ధరల భేదాలన్నింటికీ ఈ లెక్క ఒక్కటే సమాధానం కాదు. ఆసుపత్రిలో పడకపై ఉన్న రోగి సి.బి.పి.కి చెల్లించే ధర, బయటినుండి నడిచి వచ్చిన రోగి చెల్లించే ధర అనేకచోట్ల ఒకటి కావు. కొన్ని ఆసుపత్రులలో గది తరగతి పెరిగినకొద్దీ పరీక్ష ధర కూడా పెరుగుతుంది. ఎ.సి. గదిలోని రోగి రక్తాన్నీ, జనరల్ వార్డులోని రోగి రక్తాన్నీ పరీక్షించేది ఒకే యంత్రం అయినా ధరలో భేదం తప్పడం లేదు. ఇక మరొక కారణం కమిషన్. రోగిని పంపిన వైద్యునికి ప్రయోగశాల కొంత మొత్తం ముట్టజెప్పే అలవాటు కొన్నిచోట్ల ఉన్నది. వైద్యుల నడవడికి సంబంధించి భారత వైద్యమండలి 2002లో రూపొందించిన నియమావళి ఇట్టి కమిషన్లను స్పష్టంగా నిషేధించింది. తిలాపాపం తలా పిడికెడు అన్నట్లు ఆ సొమ్మును పంచుకొనేవారు పలువురైనా, దానిని భరించేవాడు రోగి ఒక్కడే. దీనివల్ల ధర పెరగడం ఒక నష్టం. అవసరం లేని పరీక్షలు కూడా వ్రాయబడటం అంతకంటె పెద్ద నష్టం.

పన్నుల పాత్ర కూడా కొంత ఉన్నది. వ్యాధినిర్ధారణ సేవలపై జి.ఎస్.టి. లేదు. కనుక రోగికి ఇచ్చే బిల్లులో పన్ను కనబడదు. అయితే ప్రయోగశాల కొనుగోలు చేసే రియేజెంట్లపై పన్ను ఉన్నది. సేవకు పన్ను మినహాయింపు ఉన్నందువల్ల, సామగ్రిపై చెల్లించిన పన్నును తిరిగి జమ చేసుకొనే వీలు ప్రయోగశాలకు లేదు. ఆ మొత్తం పరీక్ష ధరలో కలిసిపోతుంది. 2025 సెప్టెంబర్ 22 నుండి రోగనిర్ధారణ కిట్లు, రియేజెంట్లపై పన్నును 12 శాతం నుండి 5 శాతానికి తగ్గించారు. వ్యక్తులు, కుటుంబాలు తీసుకొనే ఆరోగ్యబీమా ప్రీమియంపై 18 శాతంగా ఉన్న పన్నును అదే తేదీనుండి తొలగించారు.

ధరలను అదుపు చేయగల శక్తి ప్రభుత్వానికి ఉన్నదా అనే ప్రశ్నకు సమీప చరిత్రలో రెండు నిదర్శనాలు కనబడతాయి. 2015లో ఢిల్లీలో డెంగ్యూ ప్రబలినప్పుడు, ప్రైవేటు ఆసుపత్రులు, ప్రయోగశాలలు డెంగ్యూ పరీక్షకు 600 రూపాయలకు, ప్లేట్‌లెట్ల లెక్కింపునకు 50 రూపాయలకు మించి వసూలు చేయరాదని అక్కడి ప్రభుత్వం ఆదేశించింది. రెండవది కరోనా కాలం నాటిది. అది రక్తపరీక్ష కాకపోయినా ధరల నడకను తెలుసుకొనేందుకు చక్కగా ఉపకరిస్తుంది. 2020 మార్చిలో ఆర్.టి.పి.సి.ఆర్. పరీక్షకు ప్రైవేటు ప్రయోగశాలలు 4,500 రూపాయలకు మించి తీసుకోరాదని భారత వైద్య పరిశోధన మండలి పేర్కొన్నది. ఆ ఏప్రిల్ 8న సుప్రీంకోర్టు ప్రైవేటు ప్రయోగశాలలలోనూ పరీక్ష ఉచితంగా జరగాలని ఆదేశించి, 13న ఆ ఆదేశాన్ని సవరించి, ఉచిత సౌకర్యాన్ని ఆర్థికంగా బలహీనులైన వారికి పరిమితం చేసింది. మే నెలలో ధరల నిర్ణయాన్ని రాష్ట్రాలకు వదిలివేశారు. తెలంగాణ ప్రభుత్వం ఆ జూన్‌లో 2,200 రూపాయలుగా నిర్ణయించిన ధర నవంబర్ నాటికి 850 రూపాయలకు దిగింది. ఢిల్లీలో 2022 జనవరి నాటికి అది 300 రూపాయలకు చేరింది. కిట్లు దేశంలోనే తయారుకావడం, పరీక్షల సంఖ్య పెరగడం, ప్రభుత్వం పరిమితి విధించడం అనే మూడు కారణాలూ ఇక్కడ కలిసి పనిచేశాయి. ధర అనేది శిలాశాసనం కాదని ఈ ఉదంతం నిరూపించింది.

ఇక బీమా మాట. ఆరోగ్యబీమా ఉన్నది గనుక రక్తపరీక్షకు డబ్బు తిరిగి వస్తుందని పలువురు భావిస్తారు. మన దేశంలోని సాధారణ పాలసీలు ప్రధానంగా ఆసుపత్రిలో చేరిన రోగి ఖర్చును భరించేందుకు ఏర్పడినవి. 2020 ఏప్రిల్ నుండి అమలులోకి వచ్చిన ఆరోగ్య సంజీవని అనే ప్రామాణిక పాలసీని ఉదాహరణగా తీసుకుందాం. ఆసుపత్రిలో చేరడానికి ముందు 30 దినాలు, విడుదలైన తరువాత 60 దినాలు అదే వ్యాధికై చేసిన ఖర్చులను ఇది అంగీకరిస్తుంది. అంగీకరించిన మొత్తంలో 5 శాతం మాత్రం రోగి భరించాలి. ఒక వ్యక్తి జ్వరంతో మూడు రోజులు బాధపడి 2,400 రూపాయల పరీక్షలు చేయించుకున్నాడని అనుకుందాం. మందులతో ఇంటివద్దనే కోలుకుంటే ఆ మొత్తమంతా అతడే భరించాలి. నాలుగవ రోజున వ్యాధి ముదిరి ఆసుపత్రిలో చేరవలసి వస్తే, ఆ బిల్లులు భద్రపరచినట్లయితే, బీమా సంస్థ 2,280 రూపాయలు చెల్లిస్తుంది, రోగి వాటా 120 రూపాయలే. అనగా చిన్న జబ్బుకు బీమా వర్తించదు, పెద్ద జబ్బుకు మాత్రం చిన్న పరీక్షకు కూడా వర్తిస్తుంది.

ఈ విధానం వల్ల ఒక వక్రమార్గం ఏర్పడింది. పరీక్షల ఖర్చు రాబట్టుకొనేందుకు ఒక రోజు ఆసుపత్రిలో చేరుదామని కొందరు రోగులు, చేర్చుకుందామని కొన్ని ఆసుపత్రులు యోచించసాగాయి. కేవలం పరీక్షల నిమిత్తమే ఆసుపత్రిలో చేరితే ఆ ఖర్చు చెల్లించబోమని ప్రామాణిక మినహాయింపులలో స్పష్టంగా వ్రాసి ఉన్నది. అది చదవని రోగి, క్లెయిమ్ తిరస్కరించబడిన తరువాత పరీక్షల ఖర్చుతోపాటు గది అద్దె కూడా చేతినుండి కట్టవలసి వస్తుంది. ఆసుపత్రిలో చేరడం చికిత్స కొరకే గాని బిల్లు కొరకు కాదు. మరొక విషయం కూడా ఉన్నది. బీమా సంస్థలు తమ జాబితాలోని ఆసుపత్రులతో ముందుగానే రేట్లు మాట్లాడుకుంటాయి. వేలమంది రోగులను పంపగలిగిన సంస్థకు బేరమాడే బలం ఉంటుంది. ఒంటరి రోగికి ఆ బలం లేదు. ఆ ప్రాంతంలో ఆ సేవకు సాధారణంగా తీసుకొనే ధరకు మించి బిల్లు వేస్తే, ఆ అదనపు మొత్తాన్ని నిరాకరించే నిబంధన కూడా పాలసీలో ఉంటుంది.

శ్రామికుల విషయంలో మార్గం వేరు. 1948 నాటి చట్టంతో ఏర్పడిన ఇ.ఎస్.ఐ. పథకం కింద, బీమా చేయబడిన శ్రామికునికీ అతని కుటుంబానికీ ఆసుపత్రిలో చేరకపోయినా పరీక్షలు, మందులు లభిస్తాయి. 2019 జూలైలో దీనికై శ్రామికుని వేతనంలో 0.75 శాతం, యజమాని వాటాగా 3.25 శాతం చెల్లించేట్లు నిర్ణయించారు. 2018లో ప్రారంభమైన కేంద్ర ప్రభుత్వ ఆయుష్మాన్ భారత్ పథకం ఆసుపత్రిలో చేరడానికి ముందు 3 దినాల, తరువాత 15 దినాల పరీక్షలను, మందులను ప్యాకేజీలోనే చేర్చింది. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరంభమైన ఆరోగ్యశ్రీ కూడా చికిత్సను ప్యాకేజీగా లెక్కించి ఆసుపత్రికి చెల్లించే పద్ధతిని అనుసరించింది. ప్యాకేజీలో పరీక్షకు విడిగా ధర ఉండదు. కనుక అనవసరమైన పరీక్ష చేస్తే ఆసుపత్రికే నష్టం. అయితే అవసరమైన పరీక్షను కూడా మానివేసే ప్రమాదం ఇందులో పొంచి ఉంటుంది. పరీక్ష పరీక్షకు చెల్లిస్తే అతి, మొత్తంగా చెల్లిస్తే మితి. చెల్లింపు పద్ధతి ఎటువంటిదైనా, లాభనష్టాలను గమనించే కన్ను ఒకటి అత్యవసరం.

ఈ చిక్కులన్నింటినీ దాటిపోయే మార్గం ఉచిత పరీక్ష. 2015లో కేంద్ర ప్రభుత్వం జాతీయ ఆరోగ్య మిషన్ కింద ఉచిత వ్యాధినిర్ధారణ సేవలకు శ్రీకారం చుట్టింది. 2016లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రైవేటు సంస్థ సహకారంతో తన ఆసుపత్రులలో ఉచిత పరీక్షలను ఆరంభించింది. తెలంగాణ ప్రభుత్వం 2018లో హైదరాబాదు నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ ప్రాంగణంలో కేంద్ర ప్రయోగశాలను నెలకొల్పి, బస్తీ దవాఖానాలనుండి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలనుండి నమూనాలను అక్కడికి తరలించే ఏర్పాటు చేసింది. తరువాత జిల్లాలకు విస్తరించిన ఈ వ్యవస్థలో పరీక్షల రకాల సంఖ్యను 2023 జూలైలో 134కు పెంచారు. ఇంతకుముందు చెప్పుకున్న లెక్కనే ప్రభుత్వం ఇక్కడ ప్రజల పక్షాన ఉపయోగించింది. నమూనాలు ఒకచోట చేరినందున పరీక్ష ఖర్చు తగ్గింది. కూలి మానుకొని పట్టణానికి వెళ్లలేని పేదకు ఇది మహోపకారం. ఉచితం అనగా ఖర్చు లేదని కాదు, ఆ ఖర్చును పన్నుల రూపంలో అందరూ పంచుకున్నారని అర్థం.

మన పిల్లలు పెద్దసంఖ్యలో నివసిస్తున్న అమెరికా సంగతి కూడా తెలుసుకోదగినది. అక్కడ ప్రధానంగా 65 సంవత్సరాలు నిండినవారికి ప్రభుత్వం నడిపే మెడికేర్ బీమా రక్తపరీక్షల ధరల పట్టికను ప్రకటిస్తుంది. మన సి.బి.పి.తో సమానమైన పరీక్షకు ఇటీవలి సంవత్సరాలలో ఆ పట్టిక చెల్లించే మొత్తం 8 డాలర్ల లోపే. వైద్యుడు అవసరమని వ్రాసిన పరీక్షకు సాధారణంగా రోగి వాటా ఏమీ ఉండదు. ప్రైవేటు బీమాలు చెల్లిస్తున్న ధరలను సేకరించి వాటి మధ్యమ విలువను ఆధారం చేసుకోవాలని 2014లో చట్టం చేసి, 2018 నుండి అమలులో పెట్టారు. బీమా లేనివారి పరిస్థితి వేరు. ఆసుపత్రి తన సొంత పట్టికలోని పూర్తి ధరను వారినుండి కోరవచ్చు, అది మెడికేర్ ధరకు ఎన్నో రెట్లు ఉండవచ్చు. 2022 జనవరి నుండి అమలైన చట్టం ప్రకారం, బీమా లేని రోగికి ముందుగానే ఖర్చు అంచనాను వ్రాతపూర్వకంగా ఇవ్వాలి. బిల్లు ఆ అంచనాకు 400 డాలర్లు గాని, అంతకు మించి గాని పెరిగితే రోగి వివాదం లేవనెత్తవచ్చు. పిల్లలను చూసేందుకు వెళ్లే తల్లిదండ్రులకు మెడికేర్ వర్తించదు. కనుక వారు తమ ప్రయాణబీమా నియమాలను బయలుదేరేముందే చదువుకోవడం శ్రేయస్కరం.

ఇంతకూ రోగి చేయవలసినదేమి? ముందుగా ధర అడగాలి. 2010 నాటి వైద్యసంస్థల చట్టం కింద ఏర్పడిన నియమాలు, సేవల రేట్లను స్థానిక భాషలోనూ ఆంగ్లంలోనూ ప్రదర్శించాలని నిర్దేశించాయి. ఆ చట్టాన్ని స్వీకరించిన రాష్ట్రాలలో తెలంగాణ ఒకటి. రేట్ల పట్టిక తెలుగులో కోరడం రోగి హక్కు, మొగమాటపడవలసిన పని కాదు. ఈ పరీక్ష వల్ల చికిత్సలో ఏ మార్పు వస్తుందని వైద్యుణ్ణి వినయంగా అడగాలి. మంచి వైద్యుడు దానికి సంతోషంగా బదులిస్తాడు. ప్రయోగశాలకు ఎన్.ఎ.బి.ఎల్. గుర్తింపు ఉన్నదేమో చూడాలి. చౌక అయినంత మాత్రాన పరీక్ష మంచిది కాదు, ప్రియమైనంత మాత్రాన గొప్పదీ కాదు. తప్పుడు ఫలితం ఉచితంగా వచ్చినా అది ఖరీదైనదే. డెబ్బై, ఎనభై పరీక్షల ప్యాకేజీని తక్కువ ధరకు ఇస్తామన్న ప్రకటన చూసి మురిసిపోరాదు. పరీక్షల సంఖ్య పెరిగినకొద్దీ, ఆరోగ్యవంతునికి కూడా ఏదో ఒక విలువ హద్దు దాటి కనబడే అవకాశం పెరుగుతుంది. దానిని వెంబడించి మరికొన్ని పరీక్షలు వస్తాయి. బిల్లులను, ఫలితాలను ఒకచోట భద్రపరచాలి. అవి రేపటి క్లెయిమునకు సాక్ష్యాలు, రేపటి వైద్యునికి ఆధారాలు.

రక్తపరీక్షకు న్యాయమైన వెల ఉండాలని కోరడం ప్రయోగశాలపై ద్వేషం కాదు. సూది పట్టిన టెక్నీషియన్‌కు జీతం కావాలి, యంత్రానికి మరమ్మత్తు కావాలి, నాణ్యతకు ఖర్చు కావాలి. అదే సమయంలో, ధర తెలియక పరీక్ష మానుకొన్న కూలివాని జ్వరం ముదిరి ప్రాణం మీదికి వస్తే, ఆ నష్టాన్ని ఏ పట్టికా లెక్కించదు. వెల దాచనిచోట నమ్మకం పెరుగుతుంది. నమ్మకం పెరిగినచోట రోగి సకాలంలో వైద్యుని వద్దకు వస్తాడు. సకాలంలో జరిగిన పరీక్షే అన్నింటికంటె చౌకైన పరీక్ష.

కఠిన పదాలు – అర్థాలు

సామాన్యం = అన్నింటికీ సమానమైనది
స్థిరవ్యయం = మారని ఖర్చు
నియమావళి = నియమాల సముదాయం
ఉదంతం = వృత్తాంతం, జరిగిన సంగతి
ప్రామాణికం = ప్రమాణంగా గ్రహించదగినది
మితి = హద్దు, పరిమితి
శ్రేయస్కరం = మేలు కలిగించేది

సంధులు

ఊరన్నాక = ఊరు + అన్నాక – ఉత్వసంధి
మహోపకారం = మహా + ఉపకారం – గుణసంధి
అత్యవసరం = అతి + అవసరం – యణాదేశసంధి

సమాసాలు

రోగనిర్ణయం = రోగము యొక్క నిర్ణయం – షష్ఠీ తత్పురుష సమాసం
లాభనష్టాలు = లాభమును, నష్టమును – ద్వంద్వ సమాసం
మూడు జ్వరాలు = మూడు అను సంఖ్య గల జ్వరాలు – ద్విగు సమాసం

అభ్యాసం

అ) ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. బూడిదరంగు మూత గల గొట్టంలో ఫ్లోరైడును ఎందుకు వాడతారు?
2. 2015లో ఢిల్లీ ప్రభుత్వం డెంగ్యూ పరీక్షకు విధించిన గరిష్ఠ ధర ఎంత?
3. ఇ.ఎస్.ఐ. పథకం ఏ సంవత్సరపు చట్టంతో ఏర్పడింది?

ఆ) సందర్భసహిత వ్యాఖ్యలు వ్రాయండి
1. మారింది సంఖ్య ఒక్కటే.
2. ఆసుపత్రిలో చేరడం చికిత్స కొరకే గాని బిల్లు కొరకు కాదు.

ఇ) వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. ఒకే రక్తపరీక్షకు వేరువేరు ధరలు ఉండటానికి గల కారణాలను వివరించండి.
2. రోగి, బీమా సంస్థ, ప్రభుత్వం – ఈ ముగ్గురి చెల్లింపు పద్ధతులను పోల్చి వ్రాయండి.

ఈ) భాషాకార్యకలాపం
మీ ఊరిలోని రెండు ప్రయోగశాలలలో సి.బి.పి., షుగరు పరీక్షల ధరలను అడిగి తెలుసుకొని, ఆ భేదానికి మీకు తోచిన కారణాలను పది వాక్యాలలో వ్రాయండి.